బజర్ పీకేసిన అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్‌లో చేరింది. మా తమ్ముడి కొడుక్కి నాలుగేళ్లు, ఆటిజం అన్నారు. వాడి కోసం సబ్బు డబ్బాలో లైటు, బజర్ పెట్టి ఒక బొమ్మ చేసింది. అది మోగగానే వాడు చెవులు మూసుకుని పరుగెత్తాడు. మర్నాడు బజర్ పీకేసి, తిరిగే చక్రం పెట్టింది. ఇప్పుడు వాడు దాన్ని వదలడం లేదు. ఇలాంటి బొమ్మలు చేయడమే చదువుతానంటోంది. ఇంట్లో అందరూ ఇంజినీరింగే అంటున్నారు. ఇది కూడు పెట్టే చదువేనా? - ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. పిల్లాడు పారిపోతే "వీడికి ఆడుకోవడం రాదు" అనలేదు మీ అమ్మాయి. తప్పు బొమ్మదే అనుకుంది. ఈ పనికి కావలసిన మొదటి గుణం అదే.

ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు కొన్ని శబ్దాలు, వెలుగులు, స్పర్శలు మనకంటే ఎక్కువగా తగులుతాయి, కొందరికి తక్కువగా. మిక్సీ వేస్తే ఏడ్చే పిల్లాడే గంటసేపు ఫ్యాన్ రెక్కలు చూస్తూ కూర్చోవచ్చు. అలాగని ఒక్కడే చక్రం తిప్పుకుంటూ ఉంటే థెరపీ అయిపోదు. వాడికి ఇష్టమైన ఆ చక్రంతోనే పక్కవాళ్లతో ఆట మొదలుపెట్టాలి. ఈసారి రెండు మీటలు పెట్టమనండి. ఒకటి వాడిది, ఒకటి అక్కది, ఇద్దరూ కలిసి నొక్కితేనే చక్రం తిరగాలి. అక్క కాసేపు ఊరుకున్నప్పుడు వాడు ఆమె చేతి వైపు చూస్తాడా, ముఖం వైపు చూస్తాడా, విసుక్కుంటాడా అన్నది నోటుబుక్కులో రాసుకోమనండి. బొమ్మ ఆటిజాన్ని నయం చేయదు, థెరపిస్టు చేతిలో పనిముట్టు అవుతుంది.

ఇక కోర్సులు. ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో బి.డిజైన్ అనే డిగ్రీ చేయొచ్చు. ఆ పరీక్ష రాయడానికి ప్లస్ టూలో ఏ గ్రూపైనా సరే. డిగ్రీ తర్వాతైతే గాంధీనగర్‌లోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో టాయ్ అండ్ గేమ్ డిజైన్‌లో, అంటే బొమ్మలు, ఆటల డిజైన్‌లో, ఎం.డిజైన్ ఉంది. రెండో దారి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే ఆట, తిండి, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే చికిత్స. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఆ డిగ్రీ ఉంది, కానీ బయాలజీ చదివి ఉండాలి. కాబట్టి మ్యాథ్స్‌తోపాటు బయాలజీ కూడా తీసుకుందో లేదో ఈ వారమే చూసుకోండి. ఇంజినీరింగే చేయించినా దారి మూసుకుపోదు. తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్‌కి రావచ్చు.

కూడు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. థెరపీ బొమ్మల డిజైనర్ అనే పేరుతో మన దగ్గర ఉద్యోగాలు చాలా తక్కువ. థెరపిస్టుకు మాత్రం ఆసుపత్రుల్లో, సెంటర్లలో పని ఉంటుంది. అందుకే బయాలజీ ఉంటే ముందు థెరపీ చదివించి, డిజైన్ తర్వాత చేయించమంటాను. ఈలోగా మీ జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, అంటే ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లలకు చిన్నప్పుడే సాయం చేసే కేంద్రం, ఉందేమో అడగండి. సెలవుల్లో అక్కడ పది రోజులు కూర్చోనిస్తే అమ్మాయికే తెలుస్తుంది, తన కళ్లు బొమ్మ మీదికి పోతున్నాయా, పిల్లాడి మీదికా అని.

మీ ఊరి అమ్మాయికి ఇంకో బలం ఉంది. మాట్లాడే బొమ్మలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో పలుకుతాయి. మీ తమ్ముడి కొడుకు ఇంట్లో వినేది తెలుగు, వీధిలో ఒడియా. "రా", "ఇవ్వు", "ఇంకా" లాంటి మాటలు వాళ్లమ్మ గొంతుతో బొమ్మలో వినిపిస్తే వాడికి ఎంత దగ్గరగా ఉంటుందో ఆలోచించండి. గొంతు నెమ్మదిగా ఉండాలి, ఆపేసే స్విచ్చూ ఉండాలి.

ఒక్క పని ఇవాళే చేయండి. ఆ సబ్బు డబ్బా తెచ్చి బ్యాటరీ ఏదో చూడండి. గుండ్రటి బటన్ సెల్ అయితే వెంటనే తీసేయించండి. పిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. పెన్సిల్ బ్యాటరీలు వేసి, మూతకు స్క్రూ బిగించమనండి. చక్రం ఊడి వస్తుందేమో మీరే గట్టిగా లాగి చూడండి.