పుట్టిన పిల్లలకూ షుగర్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 29. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఇన్సులిన్ వాడాను. నెలలు నిండాకే బాబు పుట్టాడు, బరువు 2.3 కిలోలు. ఇప్పుడు ఐదు వారాలు, 2.5 కిలోలే ఉన్నాడు. పాలు బాగానే తాగుతాడు, డయాపర్లు మాత్రం తెగ తడుపుతాడు. అనుమానం వచ్చి ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూస్తే 240 చూపించింది. ఇంత చిన్న పిల్లల్లో షుగర్ ఎంతమందికి ఉంటుంది? నా ఇన్సులిన్ పెన్ మిగిలింది, అవసరమైతే ఎంత వేయొచ్చు? వచ్చే వారం టీకాకు వెళ్లినప్పుడు చూపిస్తే చాలా?

జవాబు: చాలదు. ఈరోజే పిల్లల డాక్టరుకు చూపించండి, రాత్రయితే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇది రాసి పంపి జవాబు కోసం కూర్చునే ప్రశ్న కాదమ్మా.

వేలికి పాలో తీపో అంటుకుంటే మీటర్ తప్పు చూపిస్తుంది కాబట్టి ఆ 240 నిజం కాకపోవచ్చు. నన్ను కంగారుపెడుతున్నది బాబు బరువు. రెండో వారం దాటాక పిల్లలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఐదు వారాలకు 200 గ్రాములంటే చాలా తక్కువ. పాలు చాలకే అనుకుందామంటే, అప్పుడు మూత్రం తగ్గాలి గానీ పెరగకూడదు. ఇంకోటి, తల్లికి షుగర్ ఉంటే బిడ్డ సాధారణంగా బొద్దుగా పుడతాడు. మీవాడు సన్నగా పుట్టాడు. కడుపులో బిడ్డ ఎదిగేది తన సొంత ఇన్సులిన్‌తోనే, అది తక్కువైతే బరువూ తగ్గుతుంది. ఇన్ఫెక్షన్, కిడ్నీ సమస్య వంటివి కూడా కారణం కావొచ్చు. బిడ్డను చూడకుండా ఫలానా అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

మీరు అడిగిన లెక్క విషయానికొస్తే, ఇది చాలా అరుదు. సుమారు లక్ష కాన్పుల్లో ఒకరికి ఉంటుందని అంచనా. ఆరు నెలల లోపు వచ్చే షుగర్ మామూలు టైప్ 1 కాదు, ఎక్కువగా ఒక జన్యువులో లోపం వల్ల వస్తుంది. మీ గర్భంలో వచ్చిన షుగర్ బాబుకు అంటుకుందని అనుకోవద్దు. అలాంటి తల్లుల పిల్లల్లో మేం భయపడేది పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో షుగర్ పడిపోవడం గురించి. ఆ గండం మీకు దాటిపోయింది.

ఒకవేళ షుగరే అని తేలితే జన్యు పరీక్ష తప్పకుండా అడగండి. దాదాపు సగం మందిలో కొన్ని నెలలకు తగ్గిపోతుంది, అయితే పెద్దయ్యాక తిరిగి రావొచ్చు. కేసీఎన్‌జే11, ఏబీసీసీ8 జన్యువుల్లో లోపమైతే చాలామందిని ఇన్సులిన్ నుంచి గ్లిబెన్‌క్లమైడ్ మాత్రకు మార్చగలుగుతున్నారు. అది కూడా స్పెషలిస్టు ఆసుపత్రిలో దగ్గరుండి చేయాల్సిందే. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించి ధైర్యం తెచ్చుకోవద్దు, ఈ వయసులో రక్తంలో ఉండేది ఎక్కువగా కడుపులో నాటి హిమోగ్లోబిన్ కాబట్టి దాన్ని నమ్మలేం.

ఇక ఆ పెన్ సంగతి. దాన్ని బాబు దగ్గరికి తేకండి. ఇంత చిన్న బిడ్డకు ఇచ్చే మోతాదు యూనిట్‌లో చిన్న ముక్క. చాలా పెన్నుల్లో ఒక్క గీతే దానికన్నా ఎక్కువ. షుగర్ పడిపోతే ఫిట్స్ వస్తాయి, మెదడు దెబ్బతినవచ్చు. ఇంట్లో పెద్దల మందులు పిల్లలకు కొలిచి వేసే అలవాటు చదువుకున్నవాళ్లలోనూ చూస్తున్నాను, విసుగొస్తోంది. మీరు వేయకుండా అడిగారు, అంతవరకు మంచిది.

దారిలోగానీ ఇంట్లోగానీ ఊపిరి వేగంగా తీసినా, మగతగా ఉన్నా, పాలు తాగడం మానేసినా, వాంతులైనా, మాడు గుంట పడినా ఆలస్యం వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేదాకా పాలివ్వడం ఆపకండి. షుగర్ ఎక్కువని పాలు తగ్గించకండి.

బాబు సంగతి తేలాక మీది చూసుకోండి. కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష మీకు ఉంది. దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.