చదవలేడు కానీ ఫ్యాన్ బాగుచేస్తాడు: బద్ధకమా?

బద్ధకం కాదండీ. మీ అబ్బాయి బొబ్బిలిలో ఐదో తరగతి, వత్తుల దగ్గర ఆగిపోతాడు, 'మ'ని 'య' అంటాడు, పాడైన టేబుల్ ఫ్యాన్ మాత్రం విప్పి బిగించేస్తాడు అన్నారు. డిస్లెక్సియా అయ్యుండొచ్చు. అక్షరాన్ని శబ్దంతో కలపడంలోనే ఇబ్బంది, తెలివిలో కాదు.

1. ముందు కళ్లు, చెవులు చూపించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: చదవడం వేరు, తెలియడం వేరు. రెండూ విడివిడిగా చూడాలి.
ఒక సైన్స్ పాఠం తనే చదివి జవాబులు రాయమనండి.
అంతే కష్టమున్న ఇంకో పాఠం మీరు చదివి వినిపించండి. ప్రశ్నలూ మీరే చదవండి. నోటితో చెప్పినా సరే, బొమ్మ గీసినా సరే. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, మధ్యలో అందించకండి.
రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మాస్టారికి చూపించండి. మాటలకు కరగనివాళ్లు కూడా అది చూసి ఆగుతారు.

3. మార్కులు తగ్గాయని స్క్రూడ్రైవర్ దాచేయకండి. వస్తువు మొత్తాన్ని మనసులో తిప్పి చూడగలగడం డిస్లెక్సియా ఉన్న కొందరిలో బాగా ఉంటుంది. అందరిలో కాదు, వాట్సాప్‌లో వచ్చే 'అందరూ మేధావులే' నమ్మొద్దు. మీ బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగతో వీణ చెక్కేచోటికి తీసుకెళ్లండి, ఏం అడుగుతాడో వినండి.

4. అలాగని రోజూ పావుగంట శబ్దాలు కలిపి చదివించడం ఆపొద్దు.

5. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) డిస్లెక్సియా పరీక్ష గురించి అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది. సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కోసం అడగొచ్చు.