చాక్లెట్లు చేస్తానంటోంది, సీఎస్ఈ వద్దంటోంది: ఏం చేయమంటారు?

ప్రశ్న: మేడం, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల మెట్ట, చెనక్కాయ పంట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు మధ్యస్థంగా వచ్చింది, ఏదో ఒక కాలేజీలో సీఎస్ఈ వస్తుంది. ఆ పిల్ల మాత్రం రెండేళ్లుగా మా చెనక్కాయలతోనే పీనట్ బటర్ చేసి, ఉండలు చుట్టి, చాక్లెట్‌లో ముంచి అమ్ముతోంది. ఓవెన్ కూడా లేదు. అరకిలో చాక్లెట్ స్లాబు 180 రూపాయలకు తెచ్చుకుంటుంది. 12 ఉండల బాక్సు 150 రూపాయలు. పోయిన దీపావళికి 40 బాక్సులు అమ్మి, బాక్సుకు 97 రూపాయలు మిగిలిందని లెక్క చూపించింది. మే నెలలో అనంతపురం పంపిన బాక్సులు మాత్రం కరిగిపోయి వెనక్కొచ్చాయి. ఇప్పుడు చదువు ఆపి ఇదే పని చేస్తానంటోంది. ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరిద్దరూ గొడవ పడుతున్నది సీఎస్ఈ గురించో, చాక్లెట్ల గురించో. నాకు మాత్రం మే నెలలో వెనక్కొచ్చిన ఆ బాక్సుల మీదే దృష్టి ఆగిపోయింది. వాటి గురించి ముందు మాట్లాడుకుందాం. మీ అమ్మాయి ఏం చదవాలన్నది అక్కడే తేలుతుంది.

చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో పెట్టుకోగానే కరగడానికి కారణం అదే, మన ఒంటి వేడి అంతకంటే ఎక్కువ. మరి అనంతపురం మే నెల ఎండ 40 దాటుతుంది. స్లాబు ధర చూస్తే మీ అమ్మాయి వాడేది కాంపౌండ్ చాక్లెట్ అయి ఉండాలి. అందులో కోకో బటర్‌కు బదులు వేరే వంటనూనెల కొవ్వు ఉంటుంది. అది కాస్త ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, టెంపరింగ్ అనే కష్టమైన పనీ (కరిగిన చాక్లెట్‌ను లెక్కగా చల్లార్చి మెరుపు, గట్టిదనం తెప్పించడం) అక్కర్లేదు. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు అదే సరైనది. అయినా కరిగింది. ఎందుకని?

ఎండ ఒక్కటే కాదు. మీ చేలో పండే గింజలో దాదాపు సగం నూనె. అది మామూలు వేడిలోనే ద్రవంగా ఉంటుంది. ఉండలో ఉన్న ఆ నూనె రోజులు గడిచేకొద్దీ మెల్లగా పైనున్న చాక్లెట్ పొరలోకి పాకుతుంది. గట్టి కొవ్వులో పల్చటి నూనె కలిస్తే పొర మెత్తబడుతుంది, తొందరగా కరుగుతుంది, పైన తెల్లటి మచ్చలు కూడా రావచ్చు. ఉండలో వేయించిన పుట్నాల పొడి పెంచితే కొంత నూనెను అది పట్టి ఉంచుతుంది. ఎంత పెంచితే రుచి చెడకుండా ఉంటుందన్నది చేసి చూడాల్సిందే. పెద్ద కంపెనీల్లో జీతాలిచ్చి మనుషులను పెట్టుకునేది ఇలాంటి ప్రశ్నల కోసమే. ఆ చదువు పేరు ఫుడ్ టెక్నాలజీ.

ఎంపీసీ చదివిన పిల్లకు ఆ దారి తెరిచే ఉంది. ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బాపట్లలోనూ, మన పక్కన కడప జిల్లా పులివెందులలోనూ ఫుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీలు ఉన్నాయి. నాలుగేళ్ల బీటెక్, ఈఏపీసెట్ ర్యాంకుతోనే సీటు. జేఈఈ మెయిన్ కూడా రాసి ఉంటే తంజావూరు, హర్యానాలోని కుండ్లీల్లో ఉన్న నిఫ్టెమ్‌లకూ (కేంద్ర ప్రభుత్వ ఫుడ్ టెక్నాలజీ విద్యాసంస్థలు) దరఖాస్తు పెట్టొచ్చు. తర్వాత పైచదువు అనుకుంటే మైసూరులో సీఎఫ్‌టీఆర్ఐ అనే కేంద్ర ఆహార పరిశోధన సంస్థ ఉంది, మనకు దూరం కాదు. చదువయ్యాక ఆహార కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, కొత్త ఉత్పత్తుల తయారీ విభాగాల్లో ఉద్యోగాలు ఉంటాయి. ప్రభుత్వంలో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్షకు ఈ డిగ్రీ అర్హత.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. మొదటి ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతం చాలామందికి రాదు. ఫ్యాక్టరీలు ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి, షిఫ్టులు ఉంటాయి. అది తెలిసే ఈ దారి పట్టాలి. సీఎస్ఈ చదివి మంచి స్థితికి వచ్చిన మన జిల్లా పిల్లలు ఎందరో నాకు తెలుసు. కానీ "ఏదో ఒక కాలేజీలో వస్తుంది" అని మీరే రాశారు చూడండి, ఇష్టం లేని పిల్లను ఏదో ఒక కాలేజీలో వేయడమే నాకు భయంగా ఉంది.

ఇక చదువు ఆపేయడం. దీనికి నేను ఒప్పుకోను. అమ్మాయి వేసిన లెక్క ఒకసారి చూద్దాం, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. 24 ఉండలకు, అంటే రెండు బాక్సులకు, పావుకిలో గింజలు, 80 గ్రాముల బెల్లం పొడి, 50 గ్రాముల పుట్నాల పొడి, 200 గ్రాముల చాక్లెట్ పడతాయనుకుందాం. చాక్లెట్ 72 రూపాయలు. బెల్లం, పుట్నాలు కలిపి ఒక 10. రెండు అట్టపెట్టెలు 24. మొత్తం 106, బాక్సుకు 53. అందుకే 97 మిగిలింది అంటోంది. లెక్క తప్పు కాదు, కానీ అందులో చెనక్కాయలు లేవు. ఇంటివే కదా అని వదిలేసింది!

2025-26 ఖరీఫ్‌కు వేరుశెనగ మద్దతు ధర క్వింటాలు 7,263 రూపాయలు. క్వింటాలు కాయ వలిస్తే సుమారు 70 కిలోల గింజ. అంటే కిలో గింజ 104 రూపాయలు, పావుకిలో 26. గ్యాస్‌కు, ఫ్రిజ్ కరెంటుకు 8 వేయండి. అప్పుడు బాక్సుకు ఖర్చు 70, మిగిలేది 80. దీపావళి 40 బాక్సుల మీద 3,880 కాదు, 3,200. తేడా 680 రూపాయల్లో 520 మీ చేనువి, మిగతా 160 గ్యాసు, కరెంటువి. వేయించడం, పొట్టు తీసి చాటలో చెరగడం, మిక్సీ, ముంచడం, పెట్టెల్లో సర్దడం, వీటికి పట్టిన గంటలకు కూలి ఇంకా కట్టనే లేదు. పండగలకు బాగుంటుంది, ఎండాకాలం మూడు నెలలు ఆగిపోతుంది. ఒక మనిషి బతుకు మొత్తం ఇప్పుడే దీని మీద పెట్టలేం. చదువుకుంటూ సెలవుల్లో, పండగలకు చేయనివ్వండి, అది మాత్రం ఆపించకండి.

అమ్మేటప్పుడు రెండు విషయాలు గట్టిగా పట్టుకోవాలి. ఒకటి, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్. చిన్న స్థాయిలో ఇంట్లో చేసేవాళ్లకూ ఇది తప్పదు, ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. వచ్చిన 14 అంకెల నంబరు బాక్సు మీద వేయాలి. ఏమేం కలిపారు, బరువెంత, ఎప్పుడు చేశారు, ఎప్పటిలోగా తినాలి అన్నవి కూడా రాయాలి. "ఇందులో వేరుశెనగ ఉంది" అని స్పష్టంగా ఉండాలి, అలర్జీ ఉన్నవాళ్లకు చిన్న ముక్కతో ప్రాణం మీదికి రావచ్చు.

రెండోది మీ చేతిలో ఉంది అన్నా. గింజకు బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. కాయ బాగా ఎండాలి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసన వేసేవి ఏరేయకుండా ఒక్క గింజ కూడా మిక్సీలో పడకూడదు. ఏరే పని మీ ఇద్దరిలో ఎవరు చేసినా చదువంత శ్రద్ధగా చేయండి.

ఇప్పుడు అమ్మాయికి. తల్లీ, ఫుడ్ టెక్నాలజీ అంటే వంట కాదు. లెక్కలు, ఫిజిక్స్, సూక్ష్మజీవులు, యంత్రాలు ఉంటాయి. అది నీకు పడుతుందో లేదో కౌన్సెలింగ్‌కు ముందే తెలుసుకోవచ్చు. ఒక నోటుబుక్ తీసుకో. గింజలు సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పు. ముందు పొడి, తర్వాత ముద్ద, ఆ తర్వాత నూనె వదిలి జారుగా అవుతుంది. ఒక్కో దశకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాయి. చాక్లెట్‌ను వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించేటప్పుడు ఒక్క చుక్క నీరు పడినా అది గడ్డకట్టి రవ్వరవ్వగా అయిపోతుంది. నేనూ మా ఇంట్లో ఒకసారి తడి గరిటె పెట్టి పావుకిలో పాడు చేశాను. బెల్లంలోనూ తేమ ఉంటుంది, అందుకే దాన్ని ఉండలో కలపాలి, చాక్లెట్‌లో కాదు.

పుట్నాల పొడి 50 గ్రాములు వేసి ఒక విడత, 80 వేసి ఇంకో విడత, 110 వేసి మరో విడత చెయ్యి. మిగతావేవీ మార్చొద్దు. ఒక్కో విడతను మూడు భాగాలు చేసి ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గదిలో, ఒకటి వసారాలో మూతపెట్టి ఉంచు. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు చూసి ఏం మారిందో రాయి. వసారాలో వేడి ఎంతుందో కూడా. ఈ రాసే పని నీకు విసుగనిపించక, "అయితే ఇంకోటి మార్చి చూద్దాం" అనిపిస్తే వెబ్ ఆప్షన్లలో పులివెందుల, బాపట్ల ముందు పెట్టు, సీఎస్ఈ తర్వాత పెట్టు. రాయడం భారంగా ఉండి, ఉండలకు అలంకారం చేయడం, జనంతో మాట్లాడి అమ్మడమే ఇష్టమనిపిస్తే హోటల్ మేనేజ్‌మెంట్‌లో బేకరీ వైపో, బీబీఏ వైపో చూద్దాం. అందులో తక్కువతనం ఏమీ లేదు. ఏదైనా ఆ నోటుబుక్‌తో నా దగ్గరికి రా, లెక్కలు కలిసి చూద్దాం.

అన్నా, మీకో పని. ఈసారి బస్తాలోంచి గింజలు తీసిచ్చేటప్పుడు తూకం వేసి ఇవ్వండి, కిలోకు 104 రూపాయలు ఆమె దగ్గర తీసుకోండి.