సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారు చేసుకోవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి ఇటీవల హైదరాబాద్‌కు తిరిగి వచ్చేశాను. అక్కడ ఇంట్లోనే బీరు తయారు చేసి, స్టీలు కెగ్గుల్లో (గ్యాస్ ఒత్తిడితో పానీయం నిల్వ చేసే పీపాల్లో) నింపుకొని స్నేహితులతో కలిసి తాగేవాళ్లం. ఆ సామాను అంతా వెంట తెచ్చుకున్నాను. అమ్మే ఉద్దేశం లేదు. మా వరకే ఇక్కడ తయారు చేసుకుంటే ఇబ్బంది ఉంటుందా? సామాను ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమేనా?

జవాబు: తయారు చేస్తే నేరమే. అమ్మడం లేదు కాబట్టి ఫరవాలేదన్న మీ భావన అమెరికా చట్టం నుంచి వచ్చింది. అక్కడి ఫెడరల్ చట్టం 1978లో చేసిన సవరణ ద్వారా సొంత వాడకానికి చేసుకునే బీరుకు పన్ను మినహాయించింది. ఒక్కరే వయోజనులుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల వరకు పరిమితి పెట్టి, అమ్మకాన్ని మాత్రం నిషేధించింది. మన దేశంలో మద్యం తయారీ, స్వాధీనం, అమ్మకం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 8వ అంశం కిందకు వస్తాయి కనుక, మీకు వర్తించేది తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968.

ఈ చట్టం సెక్షన్ 13 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యంతో సహా ఏ మత్తు పదార్థాన్నీ తయారు చేయరాదు. అమ్మకానికా, సొంతానికా అన్న తేడా అక్కడ లేదు. మద్యం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో బీరు పేరు పెట్టి ఉంది. ఆల్కహాల్ కలిగిన ప్రతి ద్రవమూ అందులోకి వస్తుంది. తరతరాలుగా సాగుతున్న కల్లు గీతకే లైసెన్సు కావాలన్న చట్టం, మీ వంటింటి బీరును వదిలేస్తుందని ఆశించలేం. క్రిస్మస్‌కు ఇళ్లలో ద్రాక్ష వైన్ పెట్టుకునే అలవాటును కొందరు ఉదాహరణగా చూపుతారు గానీ, అధికారులు పట్టించుకోకపోవడం వేరు, చట్టం అనుమతించడం వేరు. సెక్షన్ 34 కింద ఈ నేరానికి జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. సరుకు, పాత్రలు జప్తు కూడా అవుతాయి.

సామాను విషయంలో జవాబు కొంత సూక్ష్మమైనది. మద్యం తయారు చేసే ఉద్దేశంతో పదార్థాలను, పాత్రలను, పరికరాలను ఉంచుకోవడాన్ని కూడా సెక్షన్ 13 నిషేధిస్తుంది కనుక, ఇక్కడ కీలకం ఉద్దేశం. కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టిన ఖాళీ కెగ్గు దానికదే నేరం కాదు. కానీ అదే ఇంట్లో మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) బస్తా, హాప్స్ (బీరుకు చేదు రుచినిచ్చే పూలు) పొట్లాలు, పులియబెట్టే ఈస్టు ఉండి, పక్కన బకెట్ మూతకు బిగించిన ఎయిర్‌లాక్ (పులిసేటప్పుడు పుట్టే గ్యాస్‌ను బయటికి పంపే గొట్టం) బుడగలు వదులుతుంటే, ఉద్దేశాన్ని వేరే రుజువు చేయాల్సిన పని ఎక్సైజ్ వారికి ఉండదు. ఇంకా పులుస్తోంది, బీరు కాలేదు అన్న వాదన కూడా నిలవదు, ఎందుకంటే తయారీలోని ప్రతి ప్రక్రియా తయారీయే అవుతుంది. అందువల్ల కెగ్గులను ఉంచుకోండి, పులియబెట్టే దినుసులను మాత్రం వాటి దగ్గర పోగు చేయకండి. మీ సరదా పాత ఫొటోలు, బీరు తయారీ కొలతలు ఫోన్‌లో ఉన్నాయని కంగారు పడనక్కరలేదు. అక్కడ చట్టబద్ధంగా చేసిన పనికి ఇక్కడ కేసు ఉండదు.

లైసెన్సు తీసుకుందామంటే, మన రాష్ట్రంలో చిన్న స్థాయి తయారీకి ఉన్నది మైక్రోబ్రూవరీ (బీరును అక్కడికక్కడే తయారు చేసి అమ్మే చిన్న కేంద్రం) లైసెన్సు. అది వ్యాపార సంస్థలకు ఉద్దేశించినది; ఇంటి సరదా కోసం దానికి దరఖాస్తు చేయడం నా ఉద్దేశంలో వృథా ప్రయాస. మీకు ఆ విద్య మీద నిజంగా మక్కువ ఉంటే, లైసెన్సు ఉన్న మైక్రోబ్రూవరీలో ఉద్యోగిగానో భాగస్వామిగానో చేరవచ్చు. భాగస్వామ్యమైతే, లైసెన్సులో మీ పేరు చేర్చేందుకు ఎక్సైజ్ శాఖ ఆమోదం వచ్చాకే డబ్బు పెట్టండి.

కెగ్గుల్లో సోడా, నిమ్మరసం వంటివి నింపుకొని వాడుకోవడానికి ఎక్సైజ్ చట్టం అడ్డురాదు. అయితే కెగ్గులోకి గ్యాస్ ఎక్కించేందుకు అమెరికా నుంచి తెచ్చిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే, దాన్ని ఇక్కడ నింపించే ముందు, 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కింద దానికి ఆమోదం ఉందో లేదో చూసుకోండి; లేకపోతే ఇక్కడే ఆమోదిత సిలిండర్ కొనుక్కోవడం మేలు.