నీరు తేటగా ఉంటే చాలదండి, పరీక్షే చెప్పాలి

ఉప్పునీటి తొట్టి పెట్టి మూడు వారాలైంది, నీరు అద్దంలా ఉంది, అమ్మోనియా సున్నా, నైట్రైట్ 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు), క్లౌన్ చేపల జంటను తేవచ్చా అని అడిగారు. దయచేసి ఇంకొన్నాళ్లు ఆగండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది; మొదటి రెండూ చేపలకు విషం. నైట్రైట్ మిగిలి ఉందంటే దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇంకా చాలినంత పెరగలేదని అర్థం. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ అంకెనూ నమ్మకండి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

నైట్రైట్ కూడా సున్నాకు వచ్చాక అసలు పరీక్ష చేయండి. అమ్మోనియం క్లోరైడ్ కలిపి అమ్మోనియాను 2 పీపీఎంకు తెచ్చి, 24 గంటల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ కొలవండి. రెండూ సున్నా అయితేనే తొట్టి సిద్ధం. అమ్మోనియాను పసుపు, ఆకుపచ్చ రంగులతో చూపే కిట్ అయితే, గొట్టాన్ని పగటి వెలుగులో తెల్ల కాగితం ముందు పట్టుకోండి. పసుపులో ఆకుపచ్చ ఛాయ రవ్వంత కనిపించినా అది సున్నా కాదు. ఇక్కడే చాలామంది తొందరపడతారు, పాపం చేపల మొప్పలు కాలిపోతాయి.

రాళ్ల మీద గోధుమరంగు పొర గురించి దిగులు వద్దు, అది డయాటమ్ నాచు, తనంతట తానే తగ్గుతుంది.

పరీక్ష నెగ్గాక సగం నీరు మార్చి, నీటి సాపేక్ష సాంద్రత (మంచినీటితో పోల్చి చూసే కొలత) 1.025 దగ్గర, వేడి 25-26 డిగ్రీల దగ్గర నిలిపి, ముందు ఆ ఒక్క జంటనే వదలండి. తర్వాతి చేపకు మూడు, నాలుగు వారాల ఎడం ఇవ్వండి.