చైనా మూలికలంటే ఇష్టమైతే చైనాకే పంపాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. చైనా వైద్యంలో ఒంట్లో తిరిగే ‘చీ’ అనే శక్తిని దారిలో పెట్టే మూలికలని కొన్ని ఉంటాయట. ఎప్పుడు చూసినా వాటి వీడియోలే, వాటి మీద నోట్సే. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేన్ని మార్కులు వస్తాయన్న నమ్మకం మాకు లేదు. చైనాలో అయిదేళ్ల సంప్రదాయ వైద్యం డిగ్రీకి నీట్ అక్కర్లేదని, తిరిగొచ్చాక ఇక్కడే డాక్టరుగా క్లినిక్ పెట్టుకోవచ్చని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. బత్తాయి తోట మీద అప్పు తెచ్చి పంపొచ్చా?

జవాబు: అమ్మా, తోట జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన రెండు మాటల్లో మొదటిది నిజమే, ఆ డిగ్రీకి నీట్ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదంటే, దాన్ని మన దేశంలో వైద్య డిగ్రీగా లెక్కలోకి తీసుకోరు కాబట్టి. మొదటి మాట వెనకున్న ఈ కారణం తెలిస్తే రెండో మాట ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర వైద్యం చేయాలంటే ఏదో ఒక మండలిలో పేరు నమోదై ఉండాలి. ఎంబీబీఎస్‌కు జాతీయ వైద్య కమిషన్ ఉంది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ, సోవా-రిగ్పా (టిబెట్ వైద్యం)లకు 2020 చట్టంతో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ ఉంది. హోమియోపతికి వేరే కమిషన్ ఉంది. చైనా మూలికా వైద్యానికి వీటిలో ఎక్కడా చోటు లేదు. ఇక విదేశీ ఎంబీబీఎస్ సంగతి. 2021 నిబంధనల ప్రకారం 54 నెలల చదువు ఇంగ్లిష్ మీడియంలో సాగాలి, ఆపైన అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, నీట్ అర్హత కూడా ఉండాలి. సంప్రదాయ వైద్యం డిగ్రీ ఆ దారిలోకే రాదు. రేపు బోర్డు కట్టుకుంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, అంతే.

ఆక్యుపంక్చర్‌ను 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించిందని కూడా మీకు చూపించే ఉంటారు. అది నిజమే. కానీ ఆ గుర్తింపు సూదులకు, మూలికలకు కాదు. పైగా మీ అమ్మాయి ఇష్టం సూదుల మీద లేదని మీ ఉత్తరమే చెబుతోంది.

అలాగని ఆ డిగ్రీ ఉత్తిదని కాదు. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్దూల్లో 1956లో మొదలైన చైనా వైద్య కళాశాలలు ఇవాళ పెద్ద విశ్వవిద్యాలయాలు. సింగపూర్‌లో ఈ వైద్యులకు 2000 సంవత్సరం నుంచి చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో 2012 నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్ట్రేషన్ నడుస్తోంది. అమ్మాయి జీవితాంతం అలాంటి దేశంలో స్థిరపడటానికి సిద్ధమైతే, చైనీస్‌లో పాఠ్యపుస్తకం చదివి, రోగితో చైనీస్‌లో మాట్లాడేంత భాష నేర్చుకునే ఓపిక ఉంటే, అప్పుడు ఆలోచించొచ్చు. అప్పుడు కూడా అడగాల్సింది ‘ఏ కాలేజీలో సీటు’ అని కాదు, ‘ఏ దేశం రిజిస్టర్‌లో పేరు’ అని. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ కాలేజీ దాకా రావాలి. మన వాళ్లు దీన్ని ఎప్పుడూ తిరగేసే చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈ అమ్మాయికి మొక్కలంటే ఇష్టమా, రోగికి మందివ్వడమంటే ఇష్టమా? ఆ రెండూ వేరు దారులు. తేల్చుకోవడానికి ఆ మూలికల్నే కాస్త దగ్గరగా చూడమనండి.

చైనా వైద్యుల లెక్కలో చీ అనేది ఒంట్లో తిరుగుతూ ఉండాల్సిన శక్తి. అది ఒకచోట ఆగిపోతే ఉబ్బరం, పక్కల్లో నొప్పి, నెలసరి నొప్పులు, మనసు బరువు. కిందికి దిగాల్సింది పైకి తన్నితే తేన్పులు, ఎక్కిళ్లు, వాంతి. దాన్ని కదిలించే మూలికలు ఎక్కువగా కారంగా, చేదుగా, వేడి చేసేవిగా, ఘాటైన వాసనతో ఉంటాయి. వాసన ఎగిరిపోతుందని కోష్టు వేరు లాంటివాటిని కషాయం దించబోయే ముందు వేస్తారు. ఒళ్లు ఎండిపోయి నీరసంగా ఉన్నవాళ్లకు వీటిని ఆచితూచి ఇస్తారు. ఇదంతా ఆ వైద్యపు సొంత సిద్ధాంతం. చీని కొలిచే పరికరం ఏ ప్రయోగశాలలోనూ లేదు. కానీ మూలికలో ఉన్న రసాయనాన్ని కొలవొచ్చు, అది ఒంట్లో ఏం చేస్తుందో చూడొచ్చు. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది ఈ కొలిచి చూసే పనిలో.

ఆ జాబితాలో ముందు వరసలో ఉండేది షియాంగ్‌ఫు. అదేదో హిమాలయాల మూలిక అనుకునేరు, మన పొలంలో పీకి పీకి విసిగిపోయే తుంగ. దాని గడ్డలే తుంగముస్తలు. ఒకటి తవ్వి చూడండి: పైన నల్లగా పీచు, విరిస్తే లోపల తెలుపు, సుగంధం. చైనాలో ఆ పీచును మంట మీద కాల్చి తీసేసి, గడ్డను ఉడకబెట్టో ఆవిరి పట్టో ఎండబెడతారు. చాలాసార్లు వెనిగర్ పట్టించి వేయిస్తారు, అలా చేస్తే మందు కాలేయం వైపు వెళ్తుందని వాళ్ల నమ్మకం. 16వ శతాబ్దపు వైద్యుడు లీ షిజెన్ దీన్ని స్త్రీల వ్యాధుల మందుల్లో సేనాధిపతి అన్నాడు. అదే గడ్డను మన ఆయుర్వేదం ముస్త అంటుంది. మన లెక్కలో అది చలవ చేసేది, జ్వరానికి, విరేచనాలకు, అజీర్తికి ముందు గుర్తొచ్చేది. మొక్క ఒకటే, వాడుక వేరు. ఈ తేడా చదవగానే ‘ఎందుకలా?’ అని మీ అమ్మాయికి అనిపిస్తే ఆమె మొక్కల మనిషే.

రెండోది మీ తోటలోనే ఉంది. జిషి అనే మందు ఎండబెట్టిన లేత నారింజ పిందె. పుల్ల నారింజ జాతితో పాటు సిట్రస్ సైనెన్సిస్ జాతి పిందెల్నీ చైనా అధికారిక ఔషధ గ్రంథం ఒప్పుకుంటుంది. మన సాత్‌గుడి బత్తాయి ఆ జాతిదే. మే, జూన్ నెలల్లో వాటంతట అవి రాలిన పిందెల్ని ఏరి, అడ్డంగా రెండు ముక్కలు కోసి ఎండబెడతారు. పిందె రాలుడంటే మీకు నష్టం, అక్కడ అది సరుకు. (తోటలో రాలినవి గోనె సంచుల్లోకి ఎత్తకండి. కొనేవాడు, పరీక్షించేవాడు లేకుండా అది సరుకు కాదు. ఇంట్లో కషాయం కాచుకోవడం అసలే వద్దు.) ఆ పిందెల్లో సినెఫ్రిన్ ఉంటుంది, గుండె వేగాన్ని, బీపీని పెంచగల పదార్థం. అమెరికాలో ఎఫెడ్రా అనే మూలిక ఉన్న సప్లిమెంట్లను 2004లో నిషేధించాక, బరువు తగ్గించే మాత్రల కంపెనీలు దాని స్థానంలోకి తెచ్చింది ఈ పుల్ల నారింజ సారాన్నే. చీని కదిలించే మూలిక కాస్తా స్లిమ్మింగ్ మాత్ర అయింది. దాని మోతాదు, ప్రమాదం తేల్చే పని ఫార్మసీ చదివినవాళ్లది.

కమలా తొక్కకు ఇంత కథ లేదు గానీ ముచ్చటగా ఉంటుంది. గ్వాంగ్‌డాంగ్‌లోని షిన్‌హుయ్‌లో తొక్కను మూడు రేకులుగా, అడుగున అతుక్కుని ఉండేలా ఒలిచి ఏళ్ల తరబడి నిల్వ చేస్తారు. ఎంత పాతదైతే అంత ధర. ధర ఉన్నచోట నకిలీ తప్పదు, కాబట్టి పరీక్షించేవాళ్లకు అక్కడ పని తప్పదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మూషియాంగ్. మన పచారీ కొట్లలో చెంగల్వ కోష్టు అని అమ్మే వేరు ఇదే. పుట్టిల్లు కశ్మీర్ హిమాలయాలు. అడవిలో తవ్వి తవ్వి తరిగిపోయిన మొక్క, అంతర్జాతీయ వ్యాపారం మీద అత్యంత కఠినమైన ఆంక్షల జాబితాలో ఉంది. ఇప్పుడు చైనాలో యున్నాన్‌లో, మన దగ్గర హిమాచల్ లాహౌల్‌లో సాగు చేస్తున్నారు. చైనా బజార్లో దీని పేరుకు దగ్గరి పేరుతో చింగ్‌మూషియాంగ్ అని ఇంకో వేరు ఉండేది. అది అరిస్టొలోకియా కుటుంబపు మొక్క. అందులోని ఆమ్లం కిడ్నీల్ని పాడు చేస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. 2004లో చైనా ప్రభుత్వమే దాన్ని మందుల్లోంచి తీసేసింది. అంతకు ముందే, 1990ల మొదట్లో, బెల్జియంలో ఒక స్లిమ్మింగ్ క్లినిక్ ఇచ్చిన మాత్రల్లో ఫాంగ్‌జీ అనే ఇంకో మూలిక బదులు ఇదే కుటుంబపు మొక్క చేరి, వందమందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చీటీలో రాసిన మూలిక ఒకటి, పొట్లంలోకి వచ్చిన వేరు ఇంకొకటి. మన అడవుల్లోని ఈశ్వర వేరు కూడా ఆ కుటుంబందే, పాము కాటుకని, కడుపు నొప్పికని ఇప్పటికీ నూరి పోసేవాళ్లున్నారు.

ఎండి, ముక్కలై, పొడి అయిన వేరును చూసి ఇది ఫలానా మొక్క అని చెప్పగలగడం ఒక చదువు. దాని పేరు ఫార్మకాగ్నసీ. పొడిని స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్ కింద కణాలు, పిండి రేణువులు, స్ఫటికాలు గుర్తుపట్టడం దగ్గర మొదలై, హెచ్‌పీటీఎల్‌సీ అనే, రసాయనాల్ని విడదీసి చూపే పలక మీద గీతలు చదవడం, డీఎన్‌ఏ చూడటం దాకా వెళ్తుంది. విజయవాడలో లైలా న్యూట్రా, బెంగళూరులో సామి-సబిన్సా లాంటి మూలికా సారాల కంపెనీలకు ఈ పని తెలిసినవాళ్లు కావాలి. ప్రభుత్వం వైపు చూస్తే హైదరాబాద్ బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కేంద్రం, ఘాజియాబాద్‌లో భారతీయ వైద్య ఔషధ ప్రమాణాల కమిషన్ ఉన్నాయి. మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకునేలా ఉండవు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. పీజీ లేకుండా ఈ రంగంలో ఎదుగుదల కూడా కష్టం.

దారి ఇలా ఉంటుంది. తెలంగాణ ఎప్‌సెట్‌లో అగ్రికల్చర్-ఫార్మసీ విభాగం రాసి నాలుగేళ్ల బీఫార్మసీలో చేరాలి. చివరి ఏడాదిలో ఫార్మసీ పీజీకి అర్హత పరీక్ష జీప్యాట్ రాయాలి, ఆ తర్వాత ఎంఫార్మసీలో ఫార్మకాగ్నసీ గానీ, జాతీయ ఫార్మసీ విద్యా సంస్థ నైపర్ ప్రవేశ పరీక్ష రాసి మొహాలీలో నేచురల్ ప్రొడక్ట్స్ గానీ తీసుకోవాలి. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఒక్కసారి వెళ్లి మూలికా తోట, ఫార్మకాగ్నసీ ల్యాబ్ చూపించమనండి. ల్యాబ్‌కు తాళం వేసి, తాళం చెవి కోసం వెతుకుతున్నారంటే ఆ కాలేజీని వదిలేయండి.

అలా కాదు, తనకు రోగి దగ్గర కూర్చోవాలనే ఉందంటే ఆయుర్వేద వైద్య డిగ్రీ బీఏఎంఎస్. నాలుగున్నరేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. దీనికీ నీట్ కావాలి, కానీ ఎంబీబీఎస్‌కు కావలసిన ర్యాంకు అక్కర్లేదు. తెలంగాణలో కౌన్సెలింగ్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది. హైదరాబాద్‌లో, వరంగల్‌లో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలున్నాయి. అందులో ద్రవ్యగుణం అని ఒక సబ్జెక్టు పూర్తిగా మూలికల గురించే, ఆ తర్వాత అందులోనే ఎండీ చేయొచ్చు. తుంగముస్తను చట్టబద్ధంగా చీటీ మీద రాయగలిగే చదువు ఇది. కాబట్టి ‘నీట్ ఎలాగూ రాదు’ అని పుస్తకాలు అటకెక్కించనివ్వకండి. ఎంబీబీఎస్‌కు చాలని మార్కులు బీఏఎంఎస్‌కు చాలవచ్చు.

నా ఓటు ఏదని అడిగితే, ఎప్పుడూ నోట్సు రాసుకుంటోందన్న మాటను బట్టి బీఫార్మసీకే. 2015లో వైద్య నోబెల్ అందుకున్న తూ యూయూ కథ అమ్మాయికి చెప్పండి. ఆమె 1955లో బీజింగ్‌లో ఫార్మసీ పట్టా తీసుకుంది. చైనా వైద్యం ఆ తర్వాత రెండున్నరేళ్ల శిక్షణలో నేర్చుకుంది. మలేరియా మందు కోసం నాలుగో శతాబ్దపు గ్రంథం చదువుతుంటే, ఒక మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్న వాక్యం కనిపించింది. మరిగించడం వల్లే మందు చెడిపోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడి మీద ఈథర్‌తో సారం తీస్తే 1971లో పని చేసింది. పాత గ్రంథం చదవగలిగింది, సారం ఎలా తీయాలో కూడా తెలుసు. ఆ వరసలో వెళ్తే మీ అమ్మాయి చైనా ఇష్టం కూడా వృథా పోదు.

ఈలోగా రెండు పనులు చేయండి. కన్సల్టెన్సీ వాళ్లను ‘ఈ డిగ్రీతో భారతదేశంలో ఏ కమిషన్ రిజిస్టర్‌లో పేరు నమోదవుతుంది?’ అని అడిగి, జవాబు లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. అడ్వాన్స్ కట్టమని తొందర పెడితే మాట్లాడటం అక్కడితో ఆపేయండి. రెండోది, పరీక్షలయ్యాక వచ్చే వేసవిలో అమ్మాయిని ఆన్‌లైన్‌లో చైనీస్ మొదలుపెట్టనివ్వండి. హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో మొదటి రెండు స్థాయిలు ఇంట్లో కూర్చునే అందుకోవచ్చు. ఈ మూలికల మీద పరిశోధన చాలా భాగం ఆ భాషలోనే అచ్చవుతోంది, ఫార్మకాగ్నసీ చదివి దాన్ని నేరుగా చదవగలిగినవాళ్లు మన దగ్గర అరుదు. పీజీకో, పీహెచ్‌డీకో చైనా వెళ్లాలనుకుంటే అప్పుడు స్కాలర్‌షిప్‌తో వెళ్లొచ్చు, తోట తాకట్టు పెట్టక్కర్లేదు.