యార్క్‌షైర్ చలిలో గ్రేలింగ్ వేట

ఇంగ్లండ్‌లో లీడ్స్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే సందేహం: "ఆఫీసులో ఒకాయన జనవరిలో ఫ్లై ఫిషింగ్‌కి, అంటే పురుగులా కట్టిన ఎరతో గాలం వేయడానికి, రమ్మంటున్నాడు, ఆ చలిలో చేపలు పడతాయా?" పడతాయి, నిక్షేపంగా వెళ్ళండి. ఇక్కడ ట్రౌట్ అనే చేపని పట్టే సీజన్ సెప్టెంబరు 30తో అయిపోతుంది. చలికాలంలో పట్టేది దాని చుట్టమైన గ్రేలింగ్ అనే చేపని. గ్రేలింగ్ గుడ్లు పెట్టేది వసంతంలో కాబట్టి చలికాలంలోనే అది మంచి పుష్టిగా ఉంటుంది. వార్ఫ్, యూర్, నిడ్ నదుల్లో మార్చి 14 దాకా పట్టుకోవచ్చు.

ముందు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే రాడ్ (గాలం కర్ర) లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసుకోండి. 13 ఏళ్ళు నిండిన పిల్లలకీ ఉండాలి, 16 దాకా ఉచితమే. లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. అయితే లైసెన్సు ఉందని ఎక్కడపడితే అక్కడ గాలం వేయకూడదు. మన ఊళ్ళో చెరువు పాట పాడుకున్నవాళ్ళని అడక్కుండా వల వేస్తామా? ఇక్కడా అంతే. ఆ ఒడ్డు ఏ క్లబ్బుదో కనుక్కుని డే టికెట్ కొనాలి.

పొద్దున్నే లేచి పరిగెత్తక్కర్లేదు. పదకొండు నుంచి రెండు దాకా చాలు. చలికి చేపలు గుంపుగా అడుగునే ఉంటాయి కాబట్టి బరువైన టంగ్‌స్టన్ పూస ఉన్న నింఫ్ (నీటి పురుగు పిల్లలా కట్టిన ఎర) కట్టి, రాడ్ కొన పైకెత్తి, దారం కొద్దిగానే వదిలి, నీటి వేగంతోపాటు పోనివ్వండి. చేప లాగుతుందని ఎదురుచూస్తే రోజంతా చూస్తూనే ఉంటారు. దారం అర సెకను ఆగినట్టు అనిపిస్తే చాలు, రాడ్ ఎత్తేయండి. ఫ్రాంక్ సాయర్ అనే ఇంగ్లీషు నది కాపలాదారు కట్టిన 'కిల్లర్ బగ్' అనే ఎర అంటే ఉన్ని దారం, సన్న రాగి తీగ, అంతే. ఇప్పటికీ దానికి మించింది నాకు కనబడలేదు.

నీళ్ళలో దిగితే వేడర్స్‌కి (నీళ్ళు చొరబడని పొడవాటి బూటు ప్యాంటుకి) బెల్టు తప్పనిసరి. గులకరాళ్ళు శుభ్రంగా, తెల్లగా కనిపించే చోట మాత్రం అడుగు పెట్టకండి, ట్రౌట్ గుడ్లు పెట్టిన గూళ్ళవి. పట్టిన గ్రేలింగ్‌ని తడి చేత్తో, నీళ్ళలోనే, ఏటికి ఎదురుగా పట్టుకుని, తోక ఆడించాక వదలండి. ఇది ట్రౌట్ కన్నా త్వరగా అలిసిపోతుంది. తాజా గ్రేలింగ్‌కి థైమ్ ఆకు వాసన, అంటే ఇంచుమించు మన వాము వాసన, ఉంటుందంటారు. నాకెప్పుడూ నీచు వాసనే వచ్చింది.

ఇంటికి తెచ్చుకోవచ్చా అంటే, చట్టం ప్రకారం రోజుకి రెండు, అదీ 30 నుంచి 38 సెంటీమీటర్ల మధ్యవి. కానీ చాలా క్లబ్బులు ఒక్కటి కూడా ఒప్పుకోవు. పులుసు మీద మనసుంటే కర్క్‌గేట్ మార్కెట్‌లో చేపల కొట్లున్నాయి.